డేంజరస్ డేవ్: ఎర్ర టోపీ పిలగాడు మన కంప్యూటర్ సెంటర్లకు ఎట్లొచ్చిండు?

ముందుగాల ఒక చిన్న ప్రశ్న. మీలో చాలామంది బీజీఎంఐ ఆడుతరు గదా? అందులో టీడీఎం అని ఒకటి ఉంటది. టీమ్ డెత్‌మ్యాచ్. ఆ డెత్‌మ్యాచ్ అనే మాటను గేముల్లోకి తెచ్చింది ఎవరో తెలుసా? జాన్ రొమేరో అనే అమెరికా ఆయన. 1993లో డూమ్ గేమ్ చేస్తున్నప్పుడు ఆ పేరు పెట్టిండు. ముప్పై ఏళ్ళు దాటినా మీ ఫోన్‌లో ఆ మాట అట్లనే ఉంది.

ఈ ఎపిసోడ్ డూమ్ గురించి కాదు. అదే రొమేరో దానికి ఐదేళ్ళ ముందు, 1988లో, ఇంకో చిన్న గేమ్ చేశాడు. దాని పేరు డేంజరస్ డేవ్. మీ ఇంట్లో ముప్పై ఐదు, నలభై ఏళ్ళ అన్ననో, మేనమామో ఉంటే పోయి అడగండి, "డేవ్ ఆడినవా మామా?" అని. మొహం ఎట్ల వెలుగుతదో చూడండి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, ఎక్కడ కంప్యూటర్ సెంటర్ ఉంటే అక్కడ డేవ్ ఉండె. చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి పోయి ఆడేటోళ్ళం. దుమ్ము పోతే కంప్యూటర్ ఖరాబైతదని సారు భయం.

మాది ముత్యంపేట. మా జిల్లాలో ఈ పేరుతో రెండు ఊళ్ళున్నయి, గందరగోళం పడకండి. ఒకటి కొండగట్టు అంజన్న గుడి ఉన్న ముత్యంపేట, మల్యాల మండలం. నేను చెప్పేది ఇంకోటి, మల్లాపూర్ మండలంలో చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ముత్యంపేట. నేను చిన్నప్పుడు మాది కరీంనగర్ జిల్లానే, జగిత్యాల జిల్లా అయ్యింది 2016 అక్టోబర్‌లో. చెరుకు బండ్ల వెనక పడి గడ గుంజుకుని తినుడు, సైకిల్ మీద కోరుట్ల పోవుడు, ఇంటికాడ అవ్వ బీడీలు చేసుడు, బాపు పొలం, చిన్నాయిన దుబాయ్. ఈ చుట్టుపక్కల సగం ఇండ్లల్ల కథ ఇదే కాబట్టి నా కథ అని ప్రత్యేకంగా ఏం లేదు.

పదో తరగతి అయినంక కోరుట్లల ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరిన. 1999 ఎండాకాలం. అప్పుడు హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ కొత్తగా తెరిచిన్రు, పేపర్ తెరిస్తే సాఫ్ట్‌వేర్, అమీర్‌పేట, అమెరికా. ఊళ్ళల్ల పెద్దోళ్ళకు కంప్యూటర్ అంటే ఏందో తెల్వదు, కానీ అది నేర్చుకుంటే పిలగాడు బాగుపడతడని గట్టి నమ్మకం. మా సెంటర్‌లో ఐదు కంప్యూటర్లుండె. నాలుగింటికి నల్లదీ తెల్లదీ కనబడే మానిటర్లు, ఒక్కదానికే రంగులు. ఆ ఒక్కదాని కోసం పొద్దున ఆరింటికే సైకిల్ తొక్కుకుంట పోయేది.

అప్పుడు ఇప్పటిలెక్క ఐకాన్ మీద వేలు పెడితే తెరుచుకునుడు లేదు. డాస్ అని ఉండేది. నల్ల తెర, దాని మీద మినుకుమినుకుమనే ఒక చిన్న గీత. అక్కడ అక్షరాలు కొట్టాలి. మాకు ఎంఎస్ ఆఫీస్, డీబేస్, టైపింగ్ నేర్పుతమని ఫీజు తీసుకున్నరు. నిజం చెప్పాలంటే, మొదటి వారంలో నాకు బాగా వచ్చిన కమాండ్లు రెండే. ఒకటి గేమ్స్ ఫోల్డర్‌లోకి పోయేది. రెండోది డేవ్ అని కొట్టి ఎంటర్ నొక్కేది.

గేమ్ తెలియనోళ్ళ కోసం చెప్తా. డేవ్ అంటే ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక చిన్న మనిషి. సముద్రపు దొంగలు వదిలేసి పోయిన ఒక రహస్య స్థావరంలోకి దూరతడు. గేమ్ పూర్తి పేరులోనే ఆ స్థావరం మాట ఉంది. మొత్తం 10 లెవెళ్ళు. ప్రతి లెవెల్‌లో ఒక బంగారు కప్పు ఉంటది. దాన్ని తీసుకుంటేనే తలుపు తెరుచుకుంటది. కప్పు తీసుకోకుండా తలుపు కాడికి పోయి ఎంత గుద్దినా లాభం లేదు. దారిలో వజ్రాలు, ఉంగరాలు, కిరీటాలు ఏరుకుంటే పాయింట్లు. మంటల్లో పడితే చచ్చిపోతడు, నీళ్ళల్ల పడితే చచ్చిపోతడు. తర్వాతి లెవెళ్ళల్ల తుపాకీ దొరుకుతది, వీపుకు కట్టుకుని గాల్లో ఎగిరే జెట్‌ప్యాక్ దొరుకుతది. జెట్‌ప్యాక్‌లో ఇంధనం అయిపోతుంటే కింద గీత తగ్గుకుంట వస్తది, అప్పుడు గుండె దడదడ. కొన్ని చోట్ల రహస్య దారులు కూడా ఉండేవి. వాటిని కనిపెట్టినోడు ఆ రోజు సెంటర్‌కు హీరో.

సేవ్ చేసుకునుడు లేదు. ప్రాణాలు అయిపోతే మళ్ళ ఒకటో లెవెల్. గంట టైమ్ అయిపోతే సారు వచ్చి మెయిన్ బంద్ చేస్తడు, అప్పుడు కూడా ఒకటో లెవెలే. మా బ్యాచ్‌లో పదో లెవెల్ దాటింది ఒక్కడే. వాడు తర్వాత బహ్రెయిన్ పోయిండు.

ఇప్పుడు అసలు చరిత్రకు వద్దాం. ఎర్ర టోపీ, దుంకుడు, రహస్య దారులు అనంగనే మీకు ఇంకొకడు గుర్తుకొచ్చి ఉంటడు. మారియో. కరెక్టే. డేవ్‌కు పెద్దన్న మారియోనే. జపాన్‌లో నింటెండో కంపెనీలో షిగెరు మియమోటో అనే ఆయన 1981లో డాంకీ కాంగ్ చేసినప్పుడు మారియో పుట్టాడు. అప్పుడు వాడి పేరు జంప్‌మ్యాన్. వాడికి టోపీ, మీసం ఎందుకు పెట్టిన్రో తెలుసా? అప్పటి తెర మీద మనిషి బొమ్మకు దొరికేది పిడికెడు చుక్కలు. అంత తక్కువ చుక్కలతో జుట్టు, నోరు గీస్తే ఏదీ అర్థం కాదు. టోపీ పెడితే జుట్టు గీయాల్సిన పని తప్పుతుంది, మీసం పెడితే నోరు గీయక్కర్లేదు. 1985 సెప్టెంబర్ 13న జపాన్‌లో సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది. ఆ మొత్తం గేమ్ పట్టిన జాగ 40 కిలోబైట్లు. ఇవాళ మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫొటో దానికంటే పెద్దది. జాగ మిగిల్చేందుకు ఆకాశంలో మబ్బును, నేల మీద పొదను ఒకటే బొమ్మతో చేసిన్రు, రంగు ఒక్కటే మార్చిన్రు. ఈ సంగతి తెలిసినంక మారియోను చూస్తే మీకు ఇంకేదీ కనబడదు, ముందే చెప్తున్న.

మరి మన దగ్గర మారియో ఆడలేదా అంటే ఆడినం. కానీ అది ఉన్నోళ్ళ ఇండ్లల్ల. దుబాయ్ నుంచో మస్కట్ నుంచో వచ్చిన చిన్నాయిన సూట్‌కేసులో చాక్లెట్లు, సెంటు సీసాలు, టార్చ్‌లైట్ల మధ్యల ఒక వీడియో గేమ్ డబ్బా ఉండేది. టీవీకి తగిలించి కుచ్చితే క్యాసెట్ ఆడేది. అందులో చాలావరకు నింటెండో అసలు డబ్బాలు కావు, దాన్ని చూసి తయారుచేసినవి. క్యాసెట్ మీద 9999 గేములు అని రాసి ఉండేది, లోపల చూస్తే అవే పది ఇరవై గేములు మళ్ళ మళ్ళ. ఏదేమైనా అది కావాలంటే ఇంట్లో కలర్ టీవీ ఉండాలె, గల్ఫ్‌లో మనిషి ఉండాలె, ఆ మనిషి మంచి మూడ్‌లో ఉండాలె. డేవ్‌కు ఇవేవీ అక్కర్లేదు. ఒక ఫ్లాపీ ఉంటే చాలు.

అదే జరిగింది. రొమేరో డేవ్‌ను మొదట ఆపిల్ 2 కంప్యూటర్ కోసం చేశాడు, అప్‌టైమ్ అనే డిస్క్ పత్రిక కోసం. డిస్క్ పత్రిక అంటే ఏందనుకుంటున్నరా? ఇప్పుడు మీరు ప్లే స్టోర్‌లో దించుకుంటరు గదా, అప్పుడు నెలనెలా పోస్టులో ఫ్లాపీ వచ్చేది. అందులో కొన్ని ప్రోగ్రాములు, కొన్ని గేములు. చందా కట్టినోళ్ళ ఇంటికి పోస్ట్‌మ్యాన్ తెచ్చి ఇచ్చేటోడు. అప్పటికి రొమేరో ఇరవై ఏళ్ళ కుర్రాడు. మారియో అంటే పిచ్చి. అట్లాంటిదే చిన్నగా తానూ చేసిండు. తర్వాత లూసియానా రాష్ట్రంలో ష్రీవ్‌పోర్ట్ అనే ఊళ్ళో సాఫ్ట్‌డిస్క్ అనే కంపెనీలో ఉద్యోగంలో చేరిండు. 1990లో డేవ్‌ను ఐబీఎం రకం పీసీ మీదికి తెచ్చాడు. మన సెంటర్లకు వచ్చింది ఆ డేవే.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం ఉంది, కొంచెం ఓపిక పట్టండి, కథంతా దీని మీదనే తిరుగుతది.

మారియో ఉరుకుతుంటే తెర వాడితోపాటు సాఫీగా జరుగుతుంది, బస్సు కిటికీలోంచి చెట్లు వెనక్కి పోయినట్టు. డేవ్‌లో అట్లా కాదు. డేవ్ తెర అంచు దాకా పోతే, ఒక్కసారి మొత్తం బొమ్మ పక్కకు జరిగి, కొత్త భాగం వచ్చి ఆగుతుంది. మళ్ళీ అంచు దాకా పోవాలి, మళ్ళీ జరుగుతుంది. రొమేరోకు చాతకాక కాదు. నింటెండో డబ్బాలో తెరను జరిపేందుకు ప్రత్యేకంగా ఒక చిప్ ఉంది, ఆ పని అదే చూసుకుంటుంది. పీసీ అనేది ఆఫీసు లెక్కల కోసం చేసిన మిషన్. దాని తెర 320 చుక్కలు అడ్డం, 200 చుక్కలు నిలువు, అంటే 64,000 చుక్కలు. మారియో ఒక్క అడుగు వేసినప్పుడల్లా ఆ 64,000 చుక్కలూ పీసీ ప్రాసెసర్ మళ్ళీ గీయాలి. సెకనుకు ఎన్నోసార్లు. పాపం దానికి అంత శక్తి లేదు. అందుకే పీసీ మీద మారియో లాంటి గేమ్ రాదు అని అందరూ ఒప్పేసుకుని కూర్చున్నరు.

ఒకడు తప్ప. జాన్ కార్మాక్. అదే సాఫ్ట్‌డిస్క్‌లో పని, అప్పుడే ఇరవై ఏళ్ళు నిండినయి. వాడికి తట్టిన ఉపాయం ఇది. పండుగకు ఇంటికి సున్నం వేస్తం గదా. చేతిల సున్నం తక్కువ ఉంటే ఏం చేస్తం? గోడ మొత్తం వేయం, మరక పడ్డ కాడ పూస్తం. తెర కూడా అంతే. గేమ్ తెరంతా చిన్న చిన్న పలకలతో అతికినట్టు ఉంటుంది. ఆకాశం పలక పక్కన మళ్ళీ ఆకాశం పలకే. తెర ఒక పలక అంత పక్కకు జరిగితే, ఆకాశం ఉన్న చోటికి మళ్ళీ ఆకాశమే వస్తుంది. మరి దాన్ని మళ్ళీ గీయడం దేనికి? ఏ పలక మారిందో అది మాత్రం గీస్తే సరిపోతుంది. గీతకు గీతకు మధ్య మెల్లగా జరిపే పనిని పీసీలోని గ్రాఫిక్స్ కార్డుతోనే చేయించాడు. ఈ పద్ధతికి అడాప్టివ్ టైల్ రిఫ్రెష్ అని పేరు. వింటే ఇంతేనా అనిపిస్తది. అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు, అదీ సంగతి.

1990 సెప్టెంబర్ 19 రాత్రి. కార్మాక్, ఇంకో ఫ్రెండ్ టామ్ హాల్, ఇద్దరే ఆఫీసులో. పక్కన ఒక టీవీ, దానికి నింటెండో డబ్బా. అందులో అదే ఏడు ఫిబ్రవరిలో అమెరికాకు వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 3. టామ్ హాల్ ఆ గేమ్ ఆడుకుంట, ఆపుకుంట, మొదటి లెవెల్‌ను పలక పలక చూసి పీసీలో గీసిండు. కార్మాక్ దాన్ని కదిలించిండు. మారియో బొమ్మ ఒక్కటి తక్కువైంది. అప్పుడు చేతికి అందింది ఎవరు? మన డేవ్. మారియో ఊళ్ళోకి డేవ్‌ను దించిన్రు. తెల్లవారింది. గేమ్‌కు ఒక పేరు పెట్టిన్రు: డేంజరస్ డేవ్ ఇన్ కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్. అంటే డేవ్ చేసిన దొంగ కాపీ అన్నట్టు. తమ మీద తామే జోక్ వేసుకున్నరు. ఆ ఫ్లాపీని రొమేరో బల్ల మీద పెట్టి ఇండ్లకు పోయి పండుకున్నరు.

పొద్దున రొమేరో వచ్చాడు. ఫ్లాపీ పెట్టాడు. తన డేవ్ నడిచాడు, తెర ఆగకుండా సాఫీగా జరుగుతనే ఉంది. ఆ రోజు ఇంక ఆయనకు ఆఫీసు పని చేయబుద్ధి కాలేదని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. ఈ ఉద్యోగం మానేసి మనమే కంపెనీ పెట్టాలె అని అప్పుడే తేల్చుకున్నడు. గేముల చరిత్రలో పెద్ద పెద్ద కంపెనీలు, కోట్ల డాలర్లు ఉన్నయి గానీ, నాకైతే ఆ పొద్దటి పూట మీదనే మోజు. ఒక ఫ్లాపీ, ఒక కుర్చీ, పని ఎగ్గొట్టిన ఒక ఉద్యోగి.

తర్వాతిది జల్దీ చెప్తా. ముందు నింటెండోకే చూపిద్దామనుకున్నరు. వారం రోజులు కూర్చుని మారియో 3ను పీసీ మీద ఆడేలా ఒక నమూనా చేసి పంపిన్రు. నింటెండోకు నచ్చింది గానీ, మా గేములు మా డబ్బాలోనే, పీసీ మీద మాకు ఆసక్తి లేదు అన్నరు. ఆ నమూనా ఎన్నో ఏళ్ళు ఎవరికీ కనబడలేదు. 2015లో రొమేరో దాని వీడియో బయటపెట్టిండు. తర్వాత 2021లో దాని ఒక కాపీ న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ ఊళ్ళో ఉన్న స్ట్రాంగ్ మ్యూజియానికి చేరింది. ఆటల కోసమే ఒక మ్యూజియం ఉంది ఫ్రెండ్స్, మనకు అట్లాంటివి ఎప్పుడొస్తయో.

నింటెండో కాదన్నాక వాళ్ళకు దొరికింది స్కాట్ మిల్లర్. ఈయన కథ నవ్వొస్తది. ఎపోజీ అనే చిన్న గేమ్ కంపెనీ ఆయనది. రొమేరోతో మాట్లాడాలని ఉంది. నేరుగా ఉత్తరం రాస్తే సాఫ్ట్‌డిస్క్ వాళ్ళు చించేస్తరని భయం. అందుకే వేరే వేరే పేర్లతో అభిమాని రాసినట్టు ఉత్తరాలు రాసిండు. రొమేరో ఉబ్బిపోయి వాటిని గోడకు అంటించుకున్నడు. ఒకరోజు చూస్తే అన్నిటి మీదా ఒకటే అడ్రస్! కోపంతో తిట్టడానికి ఫోన్ చేస్తే, ఆ ఫోన్ వ్యాపారంగా మారింది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు కంప్యూటర్లను కార్లల్ల వేసుకుని ఇంటికి పోయేటోళ్ళు, సోమవారం పొద్దున తెచ్చి పెట్టేటోళ్ళు. అట్ల దొంగచాటుగా చేసిన గేమ్ కమాండర్ కీన్, 1990 డిసెంబర్ 14న వచ్చింది. వచ్చిన మొదటి చెక్కు 10,500 డాలర్లు. 1991 ఫిబ్రవరి 1న ఇడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదలు. 1992లో వుల్ఫెన్‌స్టైన్ 3డి. 1993 డిసెంబర్ 10న డూమ్. 1996లో క్వేక్. క్వేక్ ఇంజిన్ మీద 1998లో హాఫ్ లైఫ్, దాని మీద కౌంటర్ స్ట్రైక్. మా తర్వాతి బ్యాచోళ్ళు నెట్ కేఫ్‌లల్ల రాత్రంతా ఆడింది అదే. 2003లో మొదటి కాల్ ఆఫ్ డ్యూటీ కూడా ఇడ్ వాళ్ళ ఇంజిన్ మీదనే కట్టిన్రు. టీడీఎం మాట దగ్గర మొదలుపెట్టిన గదా, దారి అట్ల వచ్చింది.

ఇప్పుడు మళ్ళ కోరుట్లకు వద్దాం. ఇంత కథ వెనక ఉందని అప్పుడు మాకు తెలుసా? ఏం తెల్వదు. డేవ్‌ను ఎవరు చేసిన్రో కూడా తెల్వదు. అది కంప్యూటర్‌తోటే వస్తదనుకున్నం, మౌస్ లెక్క. హైదరాబాద్‌లో పాత కంప్యూటర్లు కొన్నప్పుడు అమ్మినోడు డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఎక్కించి ఇచ్చేటోడు. ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కు, సెంటర్ నుంచి బడికి, బడి నుంచి బ్యాంకు ఆఫీసు కంప్యూటర్‌కు. ఫ్లాపీలో 1.44 ఎంబీ పడుతుంది, డేవ్ ఎక్కించినా ఇంకా జాగ మిగిలేది. దేశం మొత్తం మీద ఇట్లనే పాకింది. తొంభైల్లో బడిలో కంప్యూటర్ క్లాసు ఉన్న ఏ ఊరి పిల్లగాణ్ణి అడిగినా డేవ్ పేరు చెప్తడు.

దీంట్ల ఒక ఇబ్బంది విషయం ఉంది, దాటేసి పోవడం నాకు ఇష్టం లేదు. మేం ఎవ్వరం రొమేరోకు ఒక్క పైసా కట్టలేదు. అది దొంగ కాపీ. కంప్యూటర్ సెంటర్ మా దగ్గర ఫీజు తీసుకుంది, అమ్మినోడు కంప్యూటర్ డబ్బులు తీసుకున్నడు, గేమ్ చేసినాయనకు ఏమీ రాలేదు. కొందరు దీన్ని గొప్పగా చెప్తరు, కాపీ కొట్టకుంటే మన దగ్గర కంప్యూటర్లే వచ్చేవి కావు అని. నేను అంత దూరం పోను. అప్పుడు మా ఊళ్ళో ఆ గేమ్ కొందామన్నా అమ్మే దుకాణం లేదు, పంపే దారి లేదు, అది నిజం. ఇప్పుడు దారి ఉంది, అయినా మనం మోడ్ ఏపీకేలు వెతుకుతం, అది కూడా నిజం. మీలో ఎవరన్నా రేపు గేమ్ చేస్తే, దాన్ని కోరుట్లల ఎవడో ఊరికే పంచితే మీకు ఎట్లుంటదో ఆలోచించి చూడండి. కాకపోతే వాళ్ళు కూడా ఆ రాత్రి మారియోను కాపీ కొట్టే మొదలుపెట్టిన్రు. పేరే కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్ అని పెట్టుకున్నరు. ఒక తేడా ఉంది. వాళ్ళు కాపీ కొట్టిన ఆ లెవెల్‌ను అమ్మలేదు. చేసే పద్ధతి నేర్చుకుని, దాంతో తమ సొంత గేమ్ చేసిన్రు. మేం డేవ్ ఆడినం గానీ, డేవ్ ఎట్ల పనిచేస్తడని మాలో ఒక్కడు కూడా అడగలేదు. సెంటర్ సారును అడిగితే ఆయనకూ తెలిసేది కాదు కావచ్చు. కానీ అడగకపోవుడు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది.

ఎందుకు గుచ్చుకుంటదో చెప్తా. ఒకరోజు అవ్వ ఫీజు కట్టనీకి కోరుట్ల వచ్చింది. బీడీల పైసలు, కొంగుల ముడేసుకుని. నాకు చెప్పలేదు. నేను రంగుల మానిటర్ ముందు, నా చుట్టూ నలుగురు, డేవ్ జెట్‌ప్యాక్ కట్టుకుని ఎగురుతున్నడు. వెనకకు చూస్తే అవ్వ నిలబడ్డది. నా చేతులు చల్లబడ్డయి. సారు కంగారుపడి, "అమ్మా, ఇది ప్రాక్టీసమ్మా, చేతివేళ్ళు తిరగాలె గదా" అన్నడు. అవ్వ ఏమనలేదు. కొద్దిసేపు తెర చూసింది.

"వాడేం జేస్తున్నడు బిడ్డా?"

"కప్పు తీసుకోవాలె అవ్వా."

"తీసుకుంటే ఏమొస్తది?"

"తలుపు తెరుచుకుంటది."

"తలుపు ఎనుక ఏమున్నది?"

"ఇంకో లెవెల్."

"మల్ల అండ్ల కప్పా?"

"అవును."

అవ్వ ముడి విప్పి, సారుకు ఫీజు లెక్కపెట్టి ఇచ్చి, బస్సుకు టైమైతందని పోయింది. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. ఆ నెల నుంచి టైపింగ్ క్లాసు ఎగ్గొట్టలేదు, డీబేస్ కూడా నేర్చుకున్న. అదేం గొప్ప మార్పు కాదు, డేవ్ కూడా ఆడిన, కాకపోతే ఆఖరి పదినిమిషాలు మాత్రమే. ఆ డీబేస్ తోనే తర్వాత జగిత్యాలల ఒక ఎరువుల దుకాణంలో బిల్లులు కొట్టే నౌకరి దొరికింది.

ఆ సెంటర్ ఇప్పుడు లేదు. ఆ జాగల మొబైల్ రిపేర్ షాపు వచ్చింది. మా చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. అప్పట్ల కొండగట్టు పక్కన నాచుపల్లిలో 2007ల జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది, అది మాత్రం నడుస్తున్నది. మా పక్క ఊళ్ళ పిల్లలు అక్కడ కంప్యూటర్ సైన్స్ చదువుతున్నరు. వాళ్ళల్ల ఎవరన్నా ఈ వీడియో చూస్తుంటే, తమ్మీ, చెల్లె, ఒక పని చేయండి. సున్నం ఉపాయం చెప్పిన గదా, ఆ పలకల పద్ధతిని మీ ల్యాప్‌టాప్‌లో మీరే రాసి చూడండి. ఒక నేల, ఒక ఆకాశం, దుంకే ఒక చుక్క, తెర జరగాలె, అంతే. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు అంత పొదుపు అక్కర్లేదు, తెరంతా గీసినా దానికి లెక్కే కాదు. అయినా పొదుపుగా రాసి చూడండి. కార్మాక్ ఒక్క రాత్రిల చేసింది మీకు ఎన్ని రోజులు పడుతదో కామెంట్ పెట్టండి. డూమ్ కోడ్ కూడా కార్మాక్ 1997లోనే అందరికీ ఉచితంగా ఇచ్చేసిండు, దాన్నీ తెరిచి చదవచ్చు.

డేవ్‌ను ఇప్పుడు ఆడాలంటే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాం కావాలి. పాత డాస్ కంప్యూటర్ ఎట్ల నడిచేదో అది నకలు చేస్తది. ఫోన్‌లో ఆడితే బటన్లు బొమ్మ మీదకొచ్చి చిరాకు లేస్తది, కీబోర్డ్ ఉంటేనే మజా. మొన్న దసరాకు ఊరికి పోయినప్పుడు ల్యాప్‌టాప్‌లో పెట్టి మా అక్క కొడుక్కు చూపించిన. పదకొండేళ్ళు వాడికి, బీజీఎంఐలో నన్ను రోజూ చంపుతడు. ఒకటో లెవెల్ ఈజీగానే దాటిండు. రెండో లెవెల్‌లో మంటల్ల పడ్డడు. మళ్ళ పడ్డడు. మళ్ళ పడ్డడు. ప్రాణాలు అయిపోయినయి.

"మామా, యాడ్ జూస్తే ఇంకో లైఫ్ రాదా?"

"రాదురా."

"మరి పైసలు కడితే?"

"కట్టినా రాదు."

వాడు నా మొహం ఒకసారి, తెర ఒకసారి చూసిండు. అవ్వ అరుగు మీద కూసొని మా ఇద్దర్నీ చూస్తున్నది, బీడీలు మానేసి చాన్నాళ్ళయింది, కండ్లు సరిగ కనబడవు. "ఏం రా, వాడు ఇంకా కప్పు దీసుకోలేదా?" అన్నది. పిలగాడు ల్యాప్‌టాప్ దగ్గరికి గుంజుకుని ఒకటో లెవెల్ నుంచి మళ్ళ మొదలుపెట్టిండు.